సందులోంచి పీకిన నూలు

నా చిన్నప్పుడు నాకు వచ్చినంత కోపం మా ఇంట్లో ఇంకెవరికీ వచ్చేది కాదు. ఆ కోపంతోనే పదకొండేళ్ల వయసులో మా అన్న ప్రాణాల మీదికి తెచ్చాను.

మాది నగరి. వీధంతా మగ్గాల చప్పుడు. మా చిన్నాయన మద్రాసులో పడవలు చేసే షెడ్డులో వడ్రంగి. ఒక వేసవిలో ఎవరో వద్దని పారేసిన చిన్న తెరచాప పడవను లారీలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. చెరువు కూడా ఎండిపోయిన ఊళ్లో పడవేమిటని వీధి వీధంతా నవ్వింది. బాగుచేసి తడ దగ్గర పులికాట్ సరస్సులో దించుతానని ఆయన పట్టు.

ఆ రెండు నెలలూ ఆయన పక్కన కూర్చుని పనిచేసింది నేనే. పుచ్చిన పలకలు తీసేసి ఆయన కొత్తవి బిగించేవాడు. పలకల మధ్య సందుల్లోకి నీళ్లు రాకుండా, మగ్గాల దగ్గర మిగిలిన నూలును పేని, మొద్దు ఉలితో కూరడం నా పని. దాని మీద గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద పూసేవాళ్లం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. మా అన్న ఒక్కరోజు కూడా అటు తొంగిచూడలేదు.

పడవ బయలుదేరే ముందురోజు అవ్వ తేల్చేసింది.

"ఆడబిడ్డ నీళ్లమిందికి యాడికి పోతాది? పెద్దోణ్ణి తీసకపో."

చిన్నాయన నా వైపు చూడకుండా తలూపాడు.

నేను అన్నం ముట్టలేదు. పొద్దున్నే అందరూ కాఫీలు తాగుతుంటే, వాకిట్లో బోర్లించి ఉన్న పడవ దగ్గరికి వెళ్లి, అడుగున జానెడు సందులోంచి నూలంతా మేకుతో పీకేశాను. కనబడకుండా పైన ముద్ద పూశాను. నేను కూరింది నేనే తీసుకున్నాను, తప్పేముంది అనుకున్నాను.

లారీ వచ్చింది. నలుగురు కలిసి పడవను ఎక్కించారు. అన్న కొత్త చొక్కా వేసుకుని లారీ మీద ఆ పడవలోనే కూర్చున్నాడు. నేను లారీ చక్రమెక్కి అమ్మ ఇచ్చిన క్యారియర్ అందిస్తుంటే వాడు వంగి, పట్టు తప్పి, భయంతో నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. వాడికి ఈత రాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"చిన్నాయనా, పడవ దించు. అడుగున నూలు పీకేసినాను" అన్నాను.

పడవ దించి ఆయన గోటితో ముద్ద గీకి చూశాడు. చెయ్యి పైకి లేచింది. కొట్టమంది అవ్వ. ఆయన కొట్టలేదు.

"నీ కోపం ఎవురిమింద మే?"

"నీమింద."

"నామింద అయితే నా మొగాన తిట్టల్ల. నోరు లేదా నీకు?"

"తిడితే తీసకపొయ్యుంటావా?"

ఆయన లోపలికి వెళ్లి ఉలి, సుత్తి, నూలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఏడుస్తూనే, పళ్లు కొరుకుతూనే కూరాను. ఆయన ఆ సందు పొడవునా బొటనవేలితో నొక్కి చూసి అవ్వతో అన్నాడు.

"నేను నిన్న తలూపింది తప్పు మా. ఈ పడవ అడుగు చేసింది ఇది. ఇది ఎక్కితేనే నేను ఎక్కేది."

సరస్సులో అన్న తెరచాప కొయ్యను కావలించుకుని కళ్లు మూసుకున్నాడు. నేను దారి పొడవునా నీళ్ల వైపు కాదు, కాళ్ల కింద ఆ సందు వైపే చూస్తూ కూర్చున్నాను. కాస్త చెమ్మ తగిలింది, అంతే.

అవ్వ పోయి ఎన్నో ఏళ్లయింది. ఆమె అన్న మాట మీద నా కోపం ఇంకా పోలేదు. పోవాలనీ నేను కోరుకోను. అయితే ఆ రోజు నుంచి ఎవరి మీద కోపమొస్తే వాళ్ల ఎదురుగా నిలబడి, వాళ్లతోనే చెబుతున్నాను. మొగుడికి చెప్పాను, కొడుకులకు చెప్పాను. చేతులకు మాత్రం ఆ కోపాన్ని మళ్లీ అప్పగించలేదు. మా కోడళ్లు నాకు నోరెక్కువ అంటారు. అననీ.