సగం నొక్కు

ముక్కులో కొట్టుకునే మందు సీసాలకు పంపులు తయారుచేసే పని నాది. మందును బయటికి తోసే గ్యాసు లేకుండా, ఎవరు నొక్కినా ఒకే కొలత పడాలి. ఏళ్లు గడిచినా అది కుదరక విసిగిపోయి ఉన్న రోజుల్లో ఒకసారి పావగడ బస్సెక్కాను.

పక్కసీటులో వేరుశనగ మిల్లు నుంచి వస్తున్న పెద్దావిడ. ఆమె చీర మీది పొట్టు దుమ్ముకి నాకు తుమ్ములు ఆగలేదు. ఆమె కొంగు ముడి విప్పి, ఆసుపత్రిలో ఇచ్చిన స్ప్రే సీసా తీసి, ముక్కులో పెట్టుకుని మెల్లగా సగమే నొక్కింది. మందు చుక్కలా పెదవి మీదికి కారింది.

"పూర్తిగా నొక్కాలమ్మా," అన్నాను.

"అంతా నొక్కితే బిరీన అయిపోతాదప్పా. వానల్లేని యేడు, ఏదైనా సగమే." సీసా మూతిని కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "నువ్వూ ఎక్కినప్పట్నుంచి తుమ్ముతానే ఉండావు. మిగిలిన సగం నువ్వు కొట్టుకో."

అలా మిగలదని చెప్పే ఓపిక లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని, కొట్టుకున్నట్టే తిరిగి ఇచ్చేశాను.

ఆమె నొక్కిన తీరు చూశాక మేము చేసిన పంపు సగం నొక్కితే పనిచేయదు. పూర్తిగా నొక్కితేనే మొత్తం కొలత పడుతుంది. ఇప్పటికీ పరీక్షలో ముందు సగమే నొక్కి చూస్తాను. ఏమీ రాదు, ఎవరికీ. పంపు సరిగ్గా ఉందని సంతకం పెడతాను.