రెండో వరసలో మసకబారిన బాబాయి

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, అంకె పెరిగితే వస్తువూ పెరుగుతుందని నేను గాఢంగా నమ్మేవాణ్ణి. నగరం అనే ఊరి దగ్గర గ్యాసు పైపుల పనిలో కొత్తగా చేరిన ఇంజనీరును. రెండంగుళాల గొట్టం కన్నా నాలుగంగుళాల గొట్టం పెద్దది (ఇందులో వాదనకు తావు లేదు). కెమెరా లెన్సులో వెలుతురు దూరే రంధ్రాన్ని అపెర్చర్ అంటారనీ, దాన్ని ఎఫ్ అంకెతో సూచిస్తారనీ, రంధ్రం చిన్నదైతే ముందు వరసా వెనక వరసా సమానంగా స్పష్టంగా పడతాయనీ చదివాను. ఇంకేం? అక్క పెళ్లి ప్రధానం నాడు, చర్చి వరండాలో, ఉన్నవాటిలో అతి చిన్న అంకె, 1.8, పెట్టాను.

ఆ ఫొటో మీద నాన్నమ్మ పెట్టుకున్న ఆశ మాత్రం చిన్నది కాదు. కొబ్బరితోటల మధ్య నీళ్లు పారే బోదె తగాదాతో మాటలు మానేసిన పెద్దకొడుకునీ చిన్నకొడుకునీ ఒక్క ఫొటోలోనైనా కలిపి చూసుకోవాలని ఆవిడ పట్టు. పెదనాన్న ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చున్నారు. బాబాయి ఎడంగా వెనక నిలబడ్డారు. ఫొటో తీసి చూపించాను.

“ఏరా ఇంజనీరూ, మీ పెదనాన్న మీసం ఒక్కో వెంట్రుకా లెక్కెట్టొచ్చు. నా మొహం ఆవిరి పట్టిన అద్దంలా ఉందేటి? ఆయన చెప్పేరా అలా తియ్యమని?” అన్నారు బాబాయి.

“వాడి మొహమే అంతని చెప్పమ్మా,” అన్నారు పెదనాన్న, నాన్నమ్మతో.

కంగారుగా అంకెను పదహారుకు తిప్పాను. ఈసారి అందరూ సమానంగానే పడ్డారు, చీకట్లో.

“కరెంటు పోయిందేటి బాబూ?” అంది నాన్నమ్మ.

అంకె పెంచితే వెలుతురు తగ్గడమేమిటి? నాలుగేళ్ల చదువు మీదే అనుమానం వచ్చింది. కెమెరాకు సమాన దూరంలో ఉన్నవాళ్లు సమానంగా పడతారన్న ఒక్క ముక్కే నాకు మిగిలిన శాస్త్రం. మళ్లీ 1.8కి వచ్చాను.

“బాబాయిగారూ, మీరూ ఈ బెంచీ మీదే కూర్చోవాలండీ. లెన్సు ఒప్పుకోవట్లేదు.”

బాబాయి గొణుక్కుంటూ వచ్చారు. బెంచీ ఇరుకు.

“కాస్త జరగరా,” అన్నారు పెదనాన్న, ఈసారి నాన్నమ్మతో కాదు.

“ఆయ్, జరిగేను అన్నయ్యా.”

నాన్నమ్మ నవ్వింది. నొక్కేశాను.

ఎఫ్ అంకె అంటే ఫోకల్ దూరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదనీ, అందుకే రంధ్రం పెరిగితే అంకె తగ్గుతుందనీ ఇప్పుడు నాకు తెలుసు. ఇంత తేలిక భాగహారం ఆ రోజే తెలిసుంటే, అంకెను ఎనిమిది దగ్గర ఆపి, తగ్గిన వెలుతురుకు షట్టరు కాస్త ఎక్కువసేపు తెరిచి, బాబాయిని వెనక వరసలోనే ఎంతో స్పష్టంగా నిలబెట్టేసేవాణ్ణి.