హోప్‌కు నేను చెప్పిన తెలుగు

మా మందిరానికి ఇంగ్లీషు ప్రసంగీకులు ఎవరొచ్చినా పక్కన నిలబడి తెలుగులో చెప్పేది నేనే. ఆయన ఒక వాక్యం, నేను ఒక వాక్యం. 'హోప్' అని వినబడితే చాలు, 'నిరీక్షణ' అని నోట వచ్చేస్తుంది. మన బైబిల్లో ఉన్న మాట అదే. నాకెంతో ఇష్టమైన మాట కూడా.

పోయిన వేసవిలో మా సంఘంలోని ఒక చెల్లెలి భర్తకు జ్వరం తలకెక్కితే తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. అయిదు రోజులు కళ్లు తెరవలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక రోగుల దగ్గరికి వెళ్లి ప్రార్థన చేసి రావడం మా వాడుక. ఆ వారం నా వంతు.

డాక్టరమ్మ ఉత్తరాది మనిషి. తెలుగు రాదు. హోప్ ఉందని ఈమెకు చెప్పమని నాతో అనింది. నేను ప్రసంగ వేదిక మీద ఉన్నట్టే నిలబడి, గొంతు పెంచి చెప్పాను.

"అమ్మా, మనకు నిరీక్షణ ఉంది."

ఆ చెల్లెలు ఏడవలేదు. మంచం కింది సంచి లాగి దుప్పటి, చెంబు, భర్త చొక్కా సర్దుకోవడం మొదలుపెట్టింది.

"యాడికి?"

"ఇంటికి తీసుకపోతానక్కా. ఆయప్ప ప్రాణం ఈడ పోకూడదు."

"పోతాడని ఎవరు చెప్పినారు?"

"నువ్వే గదా! మా నాయన పెట్టె మూసేటప్పుడు అయ్యగారు చెప్పినాడు ఆ మాట. మా అత్తను పూడ్సేటప్పుడూ అదే. బతికుండే మనిషికి ఎవురన్నా చెప్పినారా ఎప్పుడైనా?"

పునరుత్థానాన్ని తలచుకుని, మట్టి వేసే ముందు, మేం తప్పకుండా పలికే మాట అది. ఆమె దాన్ని విన్నదల్లా గుంత దగ్గరే.

"ఆశ ఉందమ్మా అని డాక్టరమ్మ చెప్పేది," అన్నాను చిన్నగా.

"ఆశ నాకూ ఉండాది. ఆయమ్మకు తెలిసింది చెప్పు. గంజి తాగతాడా, లేదా? అది అడగుకా."

పక్క మంచం దగ్గరున్న డాక్టరమ్మను అడిగి వచ్చాను. ఈసారి నిలబడలేదు. ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాను. పొద్దున పిలిస్తే వేళ్లు కదిలించాడట. మింగగలిగితే రేపు రెండు చెంచాల గంజి పెట్టి చూస్తారట. ఇంకా గట్టిగా ఏమీ చెప్పలేరట.

ఆమె కాసేపు భర్త వేళ్లకేసి చూసింది. సంచిలోంచి చెంబు తీసి బయట పెట్టింది. తర్వాత చొక్కా.

"చెంచా తేలేదే," అనింది. నేను ప్రార్థనకు తల మీద కొంగు కప్పుకుంటుంటే నా మోచెయ్యి పట్టుకుంది. "అది తరవాత చేద్దువు గానీ, క్యాంటీను మూసేలోపల ఒక చెంచా పట్రాపో."

మెట్లు దిగుతూనే చేసుకున్నాను ప్రార్థన. క్యాంటీనులో ప్లాస్టిక్ చెంచాలే ఉన్నాయి. ఒకటి విరిగినా ఇంకొకటి ఉంటుందని రెండు తీసుకున్నాను.