కొమ్ములు లేని నడక

దూలయ్య వస్తున్నాడంటే గూడెంలో ఎవరూ తలెత్తి చూడనక్కర్లేదు. కుడికాలు నేలను తాకిన చప్పుడు, ఆ వెనకే ఎడమకాలు ఈడ్చుకొచ్చే చప్పుడు. వయసులో ఉన్నప్పుడు వెదురుమోపుతో గుట్ట దిగుతూ జారిపడ్డాడు. విరిగిన కాలు అతుక్కుందిగానీ పొట్టిగా అతుక్కుంది. అప్పటినుంచి చేనుకు పోయినా, ఇప్పపువ్వు ఏరబోయినా, మనిషికంటే ముందు ఆ చప్పుడే ఇంటికి చేరుతుంది. అది వినే భార్య జంపక్క పళ్లెం కడుగుతుంది.

పినపాక అవతల అడవి అంచున ఉన్న ఆ కోయగూడెంలో ఏడాదికోసారి మాత్రం ఆ చప్పుడు వినపడదు. విత్తనాలు చల్లేముందు భూమి పండుగ చేస్తారు. ఆ రోజు గూడెం పెద్ద గోపాలు పటేల్ ఇంటి అటక మీదినుంచి అడవిదున్న కొమ్ములు దింపి, నెమలీకలు చెక్కి దూలయ్య తలకు కడతారు. వరుసలో ముందు నడిచే కొమ్ములు దూలయ్య ఇంటివాళ్లకే దక్కుతూ వచ్చాయి. తండ్రి తర్వాత అతనికి వచ్చాయి. కొమ్ములు తలకెక్కి, డోలు మెడలో పడగానే అతని కాలి కుంటు ఎటు పోతుందో తెలియదు. రెండు పాదాలూ ఒక్క తీరుగా నేలను కొడతాయి. కొమ్ములు దించేదాకా అతన్నెవరూ పేరుపెట్టి పిలవరు. తెలియక పిలిచినా అతను పలకడు. పలికితే పండుగ చెడ్డట్టే. ఆ కాసేపు అతను దూలయ్య కాడు, ఊరందరి మొక్కు.

అలాంటి మనిషిని దయ్యాన్ని చేసింది జెబా.

జెబా వాళ్లది ఖమ్మంలో తాతలనాటినుంచి ఇత్తడిసామాను కొట్టు. ఆ పిల్ల హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేస్తుంది. తెరమీది బొమ్మలకు నడక నేర్పడం ఆమె ఉద్యోగం. భద్రాచలంలో ఏదో ఉత్సవానికి పోయినప్పుడు, పటేల్ వెంట వచ్చిన గూడెంవాళ్ల కొమ్ముల ఆట చూసింది. ఆమె మనసులో నిలిచింది మాత్రం ఆట కాదు. ఆట అయ్యాక కొమ్ములు దించి, బస్టాండువైపు కాలీడ్చుకుంటూ పోతున్న మనిషి. అతని వెనకే నడిచి, బస్సు కదిలేలోపు ఊరూ పేరూ అడిగింది.

అలా దూలయ్య హైదరాబాదు వెళ్లాడు. తోడు జంపక్క కూడా వెళ్లింది. అక్కడ అతనికి ఒంటికి అతుక్కుపోయే నల్లచొక్కా, నల్లలాగు తొడిగారు. వాటినిండా తెల్లటి గోళీలు అతికించి ఉన్నాయి. గది చుట్టూ కెమెరాలు. అతను చెయ్యెత్తితే తెరమీద ఒక బొమ్మ చెయ్యెత్తుతుంది.

"తాటిపండుకు కాళ్లొచ్చినట్టున్నవ్," అన్నది జంపక్క.

"నవ్వకు చిన్నమ్మా," అంటూ జెబా కూడా నవ్వింది. "కాకా, ఇది పెద్దోళ్ల ఆట. పద్దెనిమిదేండ్లు నిండనోళ్లు ఆడొద్దని ముందుగాలనే రాస్తం. నిన్ను జూస్తే ఆడెటోళ్ల పానం జల్లుమనాలె."

"మా ఇంటామెనే జడువది నాకు. లోకం జడుస్తదా బిడ్డా?"

గేము పేరు 'బొగ్గు కింద'. గని తవ్వకంలో పూడిపోయిన ఒక ఊరు. ఆ ఊరి సమాధుల్లోంచి లేచిన మృగం. కాపలాకొచ్చిన మనిషిని అది సొరంగాల్లో వెంటాడుతుంది. జెబా కథంతా చెప్పింది. దూలయ్య ఒకటే అడిగాడు.

"దానికేం గావాలె? ఆకలా?"

"ఆకలి గాదు కాకా. దాని ఇల్లు మట్టి కింద పడ్డది. ఎతుకుతుంటది. అడ్డమొచ్చినోళ్లను చంపుతది."

అతను గోడకానుకుని కూర్చున్నాడు. ఒక ఎండాకాలం వాగు దాటుతూ చూసిన ఎలుగుబంటి గుర్తొచ్చింది. దాని నడుముకు దెబ్బ తగిలింది. నాలుగడుగులు వేసి ఆగి, వచ్చిన దారివైపు తిరిగి చూసేది. మళ్లీ ఈడ్చుకుంటూ పోయేది. దూలయ్య లేచి నడుం వంచాడు. ఎడమకాలును ఊరికే ఈడ్చలేదు, ముందుకు గుంజుకున్నాడు, బురదలోంచి లాగినట్టు. ఆగాడు. తల మాత్రం వెనక్కి తిప్పాడు. తెరమీద మృగం తల తిప్పింది. జంపక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక్కటే చిక్కు. కెమెరాల దగ్గర కూర్చునే శ్రీను "దూలయ్యా, కొంచెం కుడికి!" అని కేకేస్తాడు. వెంటనే మృగం నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని, "ఆఁ సారూ!" అంటుంది. తీసినదంతా పోతుంది. మళ్లీ మొదటినుంచి.

"పలకొద్దయ్యా! ఇనుకుంట నడువు, చాలు," శ్రీను బతిమాలాడు.

"పిలిస్తే పలకకపోతే ఎట్ల సారూ?"

ఎన్నిసార్లు చెప్పినా అంతే. ముసలాయన అలవాటులే అని వాళ్లు నవ్వుకున్నారు. చివరికి శ్రీను పిలవడం మానేసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

ఆఖరిరోజు కంపెనీ పెద్దాయన వచ్చి, కొమ్ముల ఆట కూడా కొంచెం ఆడమన్నాడు. మృగానికి బాగుంటుందన్నాడు.

"నడక నాది సారూ. ఎంతసేపన్న నడుస్త," అన్నాడు దూలయ్య. "కొమ్ములు ఊరియి. అవి నా చేతుల లెవ్వు."

ఆ మాట అక్కడితో తెగింది. జెబా కూడా మళ్లీ అడగనివ్వలేదు.

గేము గురించిన చిన్న వీడియో బయటికొచ్చినప్పుడు ముందు చూసింది అల్లుడు రాజేష్. మణుగూరులో లారీ నడుపుతాడు. మామ అంటే ప్రాణం. "గీ నడక ఎవలిదో చెప్పున్రి!" అంటూ ఫోను పట్టుకుని గూడెమంతా తిరిగాడు. చూసినవాళ్లంతా నడకను పట్టేశారు. కానీ అరచేతిలో పట్టే తెర, అంతా చీకటి. మృగం తలమీద చీలినట్టు రెండు గీతలు కనబడ్డాయి. "కొమ్ములురో," అన్నారెవరో. ఆ మాట రాజేష్ కంటే ముందే పటేల్ ఇంటికి చేరింది.

గోపాలు పటేల్ కబురు పంపాడు. ఊరి కొమ్ముల్ని దయ్యం నెత్తిన పెట్టినవాడికి ఈ పండుగలో కొమ్ములు లేవు. ముందు నడవడానికి వేరేవాళ్లను చూస్తారు.

దూలయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. రాజేష్ తలొంచుకుని, "నా వల్లనే మామా," అన్నాడు.

"నువ్ మంచికే జూపిచ్చినవ్," అన్నాడు దూలయ్య. పటేల్ ఇంటికి పోయి వాదించలేదు. తన తండ్రి పోయినరోజు కూడా అతనంత చిన్నగా కూర్చోలేదని జంపక్కకు అనిపించింది. ఆమె రాజేష్ ఫోను లాక్కుని జెబాకు చేసింది.

"బిడ్డా, పెద్ద తెర పట్కొని జల్దీ రా. మా ఆయన నెత్తిన నువ్ ఏం మొలిపిచ్చినవో ఊరు జూడాలె."

జెబా వచ్చింది. పటేల్ ఇంట్లో మిట్టమధ్యాహ్నం కిటికీలకు గొంగళ్లు కట్టారు. పిల్లల్ని బయటికి పంపి తలుపు వేశారు. ల్యాప్‌టాప్‌ను ఎత్తుగా వడ్లబస్తా మీద పెట్టారు. పటేల్ మంచంలో ముందు కూర్చున్నాడు. దూలయ్య గుమ్మం దగ్గర, గోడవారగా.

సొరంగం. కాపలావాడి టార్చి వెలుగు. ఎక్కడో ఒక అడుగు, దాని వెనక ఈడ్చిన చప్పుడు. గదిలో ఉన్నవాళ్లంతా రోజూ వినే చప్పుడే. అయినా ఆడవాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. టార్చి వెలుగులో మృగం తిరిగింది. కప్పుకున్న బొగ్గుమట్టి, ఖాళీ కళ్లగుంతలు, నోట్లో ఎవరిదో చెయ్యి. రాజేష్ కెవ్వుమన్నాడు.

"నీ మామకే జడుస్తున్నవారా!" అని వెనకనుంచి ఎవరో ఎగతాళి చేశారు.

జెబా అక్కడ ఆపి, తలను దగ్గరకు తెచ్చింది. అవి కొమ్ములు కావు. కాలిన చెట్టుకొమ్మలు రెండు, పుర్రెలోంచి మొలిచినవి. చివరన మాడిన ఆకు ఈనె కూడా కనపడుతోంది.

"సక్కగ జూడున్రి," అన్నది జంపక్క అందరివైపు తిరిగి. "దున్నకు ఆకులు మొలుస్తయా?"

పటేల్ తలవైపు చూడనే లేదు. "కాళ్లు జూపియ్యి," అన్నాడు. జెబా మృగాన్ని మళ్లీ నడిపించింది. ముసలాయన ముందుకు వంగి, అడుగు తర్వాత అడుగు చూశాడు. కుంటు ఉంది. కొమ్ముల ఆటలోని ఒక్క అడుగూ అందులో లేదు. అయినా అతని మొహం తేటపడలేదు. ఎప్పుడూ దూలయ్యతో కోయలో మాట్లాడేవాడు తెలుగులోకి మారాడు. జెబా వినాలనే మారాడని అందరికీ అర్థమైంది.

"దూలా, గా ఏషమంత ఏసుకున్నంక నిన్ను పేరువెట్టి పిలిచిన్రా?"

"పిలిచిన్రు మామా."

"పలికినవా?"

"పలికిన. పిలిచిన ప్రతిసారి."

పటేల్ జెబాను చూశాడు. ఆమెకు నవ్వాగలేదు. "పలుకుడా పెద్దయ్యా! పలికి పలికి మా పనంత ఆగంజేసిండు. ఆగున్రి, ఉన్నది," అంటూ వెతికి ఇంకో వీడియో పెట్టింది. తెరలో ఒక పక్క నల్లచొక్కాలో దూలయ్య, ఇంకో పక్క మృగం. పాకుతూ, గుర్రుమంటూ వస్తోంది. "దూలయ్యా!" అన్న కేక. మృగం టక్కున లేచి, చేతులు కట్టుకుని, "ఆఁ సారూ!"

గది దద్దరిల్లింది. రాజేష్ నేలమీద దొర్లాడు. జెబా ఇంకోటి పెట్టింది, ఇంకోటి. ప్రతిదాంట్లో అదే మృగం, అదే వినయం. పటేల్ అందరికంటే ఆఖరున నవ్వాడు. నవ్వి, కళ్లు తుడుచుకుని, గోడవారగా నిలబడ్డ దూలయ్యను చాలాసేపు చూశాడు. దూలయ్య నవ్వడం లేదు. జెబా నవ్వు కూడా మెల్లగా తగ్గింది. ఆ పలకడం అలవాటు కాదని, కావాలనే పలికాడని ఆమెకు అప్పుడే తట్టింది.

"గక్కడ నడిచింది కొమ్ములు గాదు, దూలయ్యనే," అన్నాడు పటేల్. "రాజేషూ, నిచ్చెన తే. అటక మీద దుమ్మున్నది, కొమ్ములు తుడవాలె."

జంపక్క లేచింది. కొంగు దులిపి, తల ఎత్తుకుని, ఆడవాళ్ల మధ్యలోంచి వీధిలోకి నడిచింది. ఆ సాయంత్రం బోరింగు దగ్గర ఆడవాళ్లతో అన్నది. "మీ మొగోళ్లు కల్లు దాగి మిమ్ములనే జడిపిస్తరు. మా ఆయన లోకాన్ని జడిపిచ్చిండు."

పండుగకు జెబా ఉండిపోయింది. గూడెం మధ్యన డోళ్లు మొదలయ్యాయి. కొమ్ముల వరుస పటేల్ వాకిట్లోంచి బయటికొచ్చింది. అందరికంటే ముందున్నవాడి భుజాలు విశాలంగా ఉన్నాయి. నెమలీకలు గాలికి ఒరుగుతున్నాయి. పాదాలు రెండూ ఒకే బరువుతో నేలను కొడుతున్నాయి. జెబా ఆ కాళ్లనే చూస్తూ నిలబడింది. ఒక కాలు పొట్టి అని తనకు తెలుసు. ఎన్నో రోజులు ఆ కాలినే తెరమీద కొలిచింది. ఇప్పుడు ఏది పొట్టిదో ఆనవాలు పట్టలేకపోయింది.

వరుస దగ్గరకొచ్చింది. ఆమె ఫోను పైకెత్తి, ఉత్సాహం ఆపుకోలేక అరిచింది. "దూలయ్య కాకా! ఇటు!"

కొమ్ములు తిరగలేదు. ఆమెను దాటి, అదే తీరున, అదే బరువుతో ముందుకు పోయాయి.

జంపక్క ఆమె చెయ్యి పట్టి ఫోను కిందికి దించింది. కళ్లు మాత్రం వరుస మీదే ఉన్నాయి.

"ఇప్పుడు పలకడు బిడ్డా," అన్నది.