ఎర్రగుంపు కింద కొరమీను

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఉంది. కొరమీను తన పిల్లల్ని ఎలా కాస్తుందో మా లైబ్రరీలోని చేపల పుస్తకాలన్నిటిలో ఉంది. కాసేది పోయాక ఆ పిల్లలేమవుతాయో ఒక్కదాంట్లోనూ లేదు. పదో తరగతితో బడి మానేసినదాన్నే అయినా ఆ పుస్తకాల బీరువా మొత్తం చదివాను కాబట్టి చెప్పగలను. లేనిది నేనే రాయాలి.

గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో మా మేనమామ ఇంట్లో ఉంటాను. బంగారు గనిలో పనిచేసినన్నాళ్లూ మింగిన రాతిదుమ్ము ఇప్పుడాయన్ని ఊపిరి తీసుకోనివ్వడం లేదు. ప్రాణంతో ఉన్న కొరమీనును తెచ్చి చారు కాచి తాగితే రొమ్ము తేలికవుతుందని మా గనివాళ్ల ఇళ్లలో నమ్మకం. అది మనలాగే పైకొచ్చి గాలి పీలుస్తుంది. చెరువు ఎండితే బురదలో దూరి, వానలు వచ్చేదాకా అక్కడే పడుకుంటుంది. అందుకే దాని ఊపిరి గట్టిదంటారు.

పోయినేడు తొలివానలు పడ్డాక మామా నేనూ ఆటోలో కామసముద్రం దగ్గరి చెరువుకు వెళ్లాం. వాన లేదు, కానీ గట్టు పక్కన నీళ్ల మీద చినుకులు పడుతున్నట్టుంది. వంగి చూస్తే గోరంత ఎర్రటి పిల్లలు, గుంపుగా పైకొచ్చి గాలి మింగి దిగుతున్నాయి.

"కింద తల్లి ఉండాది," అంటూ మామ గాలానికి కప్పపిల్లను గుచ్చాడు.

"వద్దు మామా. అది ఆకలికి కరవదు, పిల్లల జోలికొచ్చిందని కరుస్తాది. అవి విడిపోయేదాకా ఆగు, కొన్నాళ్లే."

"నా రొమ్ము ఆగుతాదేమ్మా, లైబ్రరీ?" ఆయన నన్ను పిలిచేది అలాగే.

కప్పను గుంపు నడుమ ఆడించాడు. నీళ్లు భళ్లుమన్నాయి. మోచేతంత చేప గట్టు మీద పడి కొట్టుకుంది. దాన్ని బిందెలో వేశాను.

పిల్లలు చెదరలేదు. నాకు సంతోషం ఆగలేదు. "ఇంగోటి కాస్తా ఉండాది మామా! తల్లీ తండ్రీ రెండూ కాస్తాయి, పుస్తకంలో చదివినాను. దాన్నయినా వదిలెయ్."

"ఇంగోటి ఉండాదా?" మామ ఇంకో కప్పను తీశాడు.

చెయ్యి పట్టుకున్నాను. "రెండూ పోతే వాటినెవరు చూస్తారు?"

"మా నాయన గనిలోకి దిగి పైకి రానప్పుడు మమ్మల్నెవడు చూసినాడు? తియ్ చెయ్యి."

రెండోది ఇంకా లావుంది. "చూసినావా? నీ చదువు ఇన్నాళ్లకు కూటికొచ్చింది," అని నవ్వబోయి దగ్గాడు.

ఆ దగ్గు తగ్గేదాకా గట్టు మీదే కూర్చున్నాం. అందుకే మిగతాది చూశాను. పిల్లలు అక్కడక్కడే తిరిగాయి. గాలి కోసం పైకి రాక తప్పదు. వచ్చినప్పుడల్లా వాటిని మింగడానికి కింది నుంచి జిలేబి చేపలు, పైనుంచి లకుముకి పిట్ట. మేం లేచేసరికి నీళ్ల మీద చినుకులు లేవు.

ఆటోలో బిందె నా ఒళ్లో ఉంది. రెండు చేపలూ మూతులు పైకెత్తి గాలి మింగుతున్నాయి. పక్కన మామ కూడా.

చారు చుక్క మిగల్చకుండా తాగాడు. ఊపిరి ఏమీ మారలేదు. రెండు చాలలేదన్నాడు.

మూసే వేళ దాటినా నన్ను లేపని లైబ్రరీ అక్కకు, చెరువు దగ్గర విసుక్కోకుండా ఆగిన ఆటో అన్నకు, చారు కాచిన అత్తకు కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దన్నారు. మామకు కూడా కృతజ్ఞతలు. పక్కగదిలోంచి ఇప్పుడే అడిగాడు: "మళ్లీ ఎప్పుడు గుడ్లు పెడతాయో పుస్తకంలో చూసినావా, లైబ్రరీ?"

చూశాను. ఇంకా చెప్పలేదు.