బాపు ఎసరు పారబోసిన రోజు

మొన్న ఆదివారం మా కాలనీ కమ్యూనిటీ హాలులో ఒక పెద్ద మ్యాపు అతికించి, ఊరు ఎటు పెరగాలో, బస్సు ఎక్కడ ఆగాలో, మనుషులు ఎక్కడ నడవాలో మమ్మల్నే చెప్పమన్నారు. జగిత్యాల జిల్లా కేంద్రమయ్యాక మాకు దక్కిన మర్యాదల్లో ఇది కొత్తది. మ్యాపులో మా కాలనీ నుంచి టౌన్లోకి ఒక ఆకుపచ్చ గీత ఉంది. అది నడక బాట అని, దాని చివర బస్ షెల్టర్ వస్తుందని ఒక కుర్ర ఇంజనీరు చెబుతుంటే, నా పక్కన కూర్చున్న మా నాన్న, మేము పిలిచే బాపు, కళ్ళద్దాలు సర్దుకుని ఆ గీతకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ గీత ఏ గోడ మీద నుంచి పోతున్నదో మా ఇద్దరికీ బాగా తెలుసు. నలభై నిండకుండానే జ్ఞాపకాలు రాయడం కొంచెం తొందరపాటే కానీ, తెలంగాణ ఉద్యమకాలంలో డిగ్రీ చదివినవాళ్ళకు, అంటే చదవనివాళ్ళకు, జ్ఞాపకాలు మిగిలినన్ని మార్కులు మిగల్లేదు గనక మన్నించాలి.

మా కాలనీ అప్పట్లో కోరుట్ల రోడ్డు మీద పత్తి చేలల్లో మొలిచిన వెంచరు. బస్టాండుకు ఐదు నిమిషాలు అని బోర్డు మీద రాసి ఉంటే నమ్మి కొన్నాం. ఆ ఐదు నిమిషాలు ప్లాట్లు చూపించే జీపువని తర్వాత తెలిసింది. అయినా బాధపడలేదు, ఎందుకంటే చేల మధ్య నుంచి పాత బండ్ల బాట ఒకటి సూటిగా ఊళ్ళోకి పోయేది. కొన్నాళ్ళకు మాకూ ఊరికీ మధ్య ఇంకో వెంచరు వచ్చి, ఆ బాటకు అడ్డంగా నిలువెత్తు గోడ కట్టింది. రోడ్డు వెంట పోవాలంటే చుట్టు తిరిగి పోవాలి. బస్సులూ ఆటోలూ నడిచినన్నాళ్ళు ఆ గోడ మాకు పెద్దగా అడ్డమనిపించలేదు.

తర్వాత తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. సిరిసిల్లలో సాంచాలు నడిపే బాపు కూడా మరమగ్గాలు బంద్ కావడంతో ఇంటికి వచ్చేశాడు. ఆయన చేతి బగారన్నానికి పేరుంది గనక మా దగ్గరి వంటావార్పుకు ఆయన్నే పెద్దను చేశారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తినడం ఆ రోజుల్లో మా పోరాటం. లోకమంతా పస్తులుండి ప్రభుత్వాలను బెదిరిస్తే మేము కడుపునిండా తిని బెదిరించాం. ముందురోజు సాయంత్రం బాపు మైకు పట్టుకుని, అంబులెన్సు, పాలబండి తప్ప ఏదీ కదలదని, సొంత బామ్మర్ది వచ్చినా ఆపుడేనని ప్రకటించాడు. చప్పట్లు బాగానే కొట్టారు.

తెల్లవారి ఆ బామ్మర్దే వచ్చాడు. కోరుట్లలో ఆటో నడిపే మా మేనమామ, సందుల్లోంచి తప్పించుకుంటూ వచ్చి మా అక్కనూ నన్నూ ఎక్కించుకున్నాడు. నర్సింగు చదివి రెండేళ్ళుగా అమ్మ పక్కన బీడీల చాట ముందు కూర్చున్న అక్కకు టౌన్లో ఒక ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. పదకొండులోపు రాకపోతే ఇంకో అమ్మాయిని తీసుకుంటామన్నారు. ఆటోలో అక్క సర్టిఫికెట్ల సంచిని చంటిపిల్లలా పొట్టకు అదుముకుని కూర్చుంది. నేను రెండు జోకులు వేశాను. మూడోది వేయకుండా తన చూపే ఆపేసింది.

మలుపు తిరగగానే రోడ్డు మధ్యలో అన్నం వండే పెద్ద గంజు, దాని కింద మంట, దాని ముందు గరిటెతో బాపు. బాపు గరిటె అడ్డంపెట్టి ఆటోను ఆపాడు. గంజులో ఎసరు కాగుతున్నది.

"పోనియ్యరాదే అన్నా, మన పిల్లే గదా," అన్నారెవరో వెనకనుంచి.

"మన పిల్ల గాబట్టే పోనియ్య. రేపు ఇంకొగలను ఏ మొఖంతోని ఆపాలె?" అన్నాడు బాపు.

అక్క ఆటో దిగింది. ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. "సరే బాపూ, నడిచే పోత. గని బాటేది?" అంది.

మామే అన్నాడు: "రోడ్డెంట చుట్టు తిరిగి పోవాలె బిడ్డా. నువ్వు పొయ్యేసరికి తెలంగాణ అస్తది."

ఎవరూ నవ్వలేదు. బాపు ఒక్క క్షణం, పక్కనే పాత బాటకు అడ్డంగా ఉన్న ఆ గోడవైపు చూశాడు. తర్వాత రెండు గోనెసంచులు చేతులకు చుట్టుకుని, అంతమందికి అన్నం కావాల్సిన ఎసరును రోడ్డు మీద పారబోశాడు. పొగలు కక్కే ఖాళీ గంజును నలుగురు మోసుకుపోయి గోడ కింద బోర్లించారు. టెంటు కింద కుర్చీలున్నాయి కదా అని మీరు అడగవచ్చు. వాటిలో నాయకులు కూర్చున్నారు, లెమ్మని చెప్పే ధైర్యం ఉద్యమంలో ఇంకా ఎవరికీ రాలేదు. గంజు మీద గోనెలు పరిచి అక్కను ఎక్కించారు. సంచి నోట కరుచుకుని గోడ మీద ఒక్క క్షణం ఆగి, వెనక్కి చూడకుండా అవతలికి దూకింది. తోడుగా నేనూ దూకాను. గంజుకు ఆ రోజు పడిన సొట్ట నా బరువుదేనని అక్క ఇప్పటికీ అంటుంది.

పరుగెత్తుకుంటూ ఆసుపత్రికి చేరేసరికి పదకొండు దాటిపోయింది. అయితే పెద్ద డాక్టరే రాలేదు. కరీంనగర్ రోడ్డు మీద ఎవరో మరో బాపు ఆయన కారును ఆపేశాడట. మధ్యాహ్నం ఎప్పుడో కాళ్ళీడ్చుకుంటూ వచ్చిన ఆయన, అక్క బట్టల మీది మసి చూసి ఎట్లా వచ్చావమ్మా అని అడిగితే, "గంజెక్కి అచ్చిన సార్," అని చెప్పింది. రేపటినుంచే రమ్మన్నాడు.

మర్నాటికి ఆ గోడలో కొన్ని ఇటుకలు ఎలాగో మాయమయ్యాయి. వారం తిరిగేసరికి మనిషి పట్టే సందు పడింది. అక్క డ్యూటీకి, పిల్లలు బడికి, అమ్మ బీడీల కార్ఖానాకు ఏళ్ళతరబడి అందులోంచే నడిచారు. దారిలో ఎదురైనవాళ్ళ కష్టసుఖాలు కనుక్కుంటూ నడిచారు. తెలంగాణ వచ్చింది, బస్సులు తిరిగాయి, ప్లాట్ల ధరలు పెరిగాయి, గోడ మళ్ళీ లేచి నెత్తిన ముళ్ళతీగ చుట్టుకుంది. ఇప్పుడు ఆ ఆసుపత్రిలోనే హెడ్ నర్సయిన అక్క స్కూటీ మీద చుట్టు తిరిగి పోతుంది. బస్సు ఎక్కాలంటే ముందు ఆటో ఎక్కాలి.

మీటింగులో ఎవరికైనా సలహాలున్నాయా అని అడిగితే బాపు లేచి నిలబడ్డాడు. "బాట మంచిగనే గీసినవ్ కొడుకా. గోడ గూలేదాంక మా ఇంట్ల గంజున్నది, తెచ్చెయ్యాల్నా?"

హాలంతా నవ్వింది. ఇంజనీరూ నవ్వి ఏదో రాసుకున్నాడు. బాపు మాత్రం నవ్వలేదు. ఒక్క బస్సూ తిరగని ఆ రోజున ఒక ఆడపిల్ల బాటేదని అడిగితే అంతమంది ఆకలి మానుకుని కదిలారు. అన్ని బస్సులూ తిరుగుతున్న ఈ రోజున మేము ఆకుపచ్చ గీతను చూసి చప్పట్లు కొట్టి, బయటకొచ్చి ఎవరి బండి వాళ్ళం స్టార్ట్ చేసుకున్నాం. నేనూ అంతే.

సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే, పెరట్లో నీళ్ళు పట్టిపెట్టుకునే ఆ సొట్టగంజును బాపు శుభ్రంగా తోమి ఎండలో బోర్లించి ఉంచాడు.