అయిదో చింతపిక్క

నా డైరీలో ఒక పేజీ ఉంది. అక్కడికి వచ్చేసరికి నా వేలు దానంతటదే రెండు కాగితాలు కలిపి తిప్పేస్తుంది. ఏళ్ళుగా అంతే. ఆ పేజీలో ఉన్నది ఒక్క అబద్ధం. దాని బరువు మాత్రం రోజూ నాతోనే ఉంటోంది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు గుంటూరు పక్కన ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా సార్ ఒక యంత్రం తయారు చేయిస్తున్నారు. చిన్న ఇనుప చెయ్యి, దాని చివర ఒత్తిడి తెలిసే మొన. ఆపరేషన్ జరుగుతుండగా అది కాలేయాన్ని చుక్కచుక్కగా నొక్కుకుంటూ పోయి, ఎక్కడ మెత్తగా ఉందో ఎక్కడ గట్టిగా ఉందో కంప్యూటర్ తెర మీద పటం గీయాలి. లోపల దాగిన గడ్డ ఎర్రటి మచ్చలా కనబడాలి. పరీక్షలకి మాంసం కొట్టు నుంచి మేక కాలేయం తెచ్చేవాళ్ళం. అడుగు నుంచి చిన్న గాట్లు పెట్టి, గడ్డలకి బదులు చింతపిక్కలు దాచడం నా పని. ఎన్ని, ఎక్కడ అన్నది నా నోటుపుస్తకంలో రాసుకుని, పరీక్ష అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదు. నోరు విప్పని పిల్లనని ఆ పని నాకిచ్చారు.

ఒక ఆదివారం సత్తెనపల్లి దగ్గర మా ఊరెళ్ళి, కల్లంలో ఎండిన మిరపకాయలు ఏరాను. మర్నాటికి చేతులు భగభగ మండుతున్నాయి. కొబ్బరినూనె రాసుకుని ల్యాబ్‌కి వెళ్ళాను. మొన విప్పి తుడుస్తుంటే నా నూనె వేళ్ళలోంచి అది జారి నేల మీద పడింది. గదిలో ఎవరూ లేరు. పైకి దానికేమీ కాలేదు. మళ్ళీ బిగించేశాను. దాని కోసం సార్ నెలల తరబడి ఎదురుచూశారు. చెప్పి ఉంటే ఏమయ్యేది? తిట్టేవారు. అంతేగా? ఒక్క తిట్టుకి అంత భయం ఎందుకో ఈనాటికీ నాకు అర్థం కాదు.

ఆ మరుసటి రోజు ఒక సర్జన్ గారు చూడడానికి వచ్చారు. కాలేయం మీద పల్చటి రబ్బరు గుడ్డ కప్పాం. ముందు ఆయనే వేళ్ళతో నొక్కి చూసి, మూడున్నాయన్నారు. గది తుడవడానికి వచ్చిన మా ఆయా బీబమ్మ గుమ్మంలో నిలబడి నవ్వింది. కాలేజీకి రాకముందు ఆవిడ మిర్చి కొట్లలో ఏళ్ళ తరబడి తొడిమలు తీసింది. కాయ పట్టుకోగానే లోపల తేమ ఉందో లేదో చెప్పేసేది.

"నన్ను చూడమంటారా అయ్యగారూ?" అంది.

"చూడు, చూడు. నీకూ ఒక డిగ్రీ ఇప్పిద్దాం," అన్నారాయన.

చేతులు కడుక్కుని వచ్చింది. కళ్ళు మూసుకుంది. నాలుగు చోట్ల వేలు ఆపి, కుడి అంచు దగ్గర కాసేపు తడుముకుని, "ఇక్కడ లోతుగా ఇంకోటుందండీ. అయిదు," అంది.

తర్వాత యంత్రం నొక్కుకుంటూ పోయింది. తెర మీద ఎర్రటి మచ్చలు నాలుగే వచ్చాయి. కుడి అంచు పచ్చగా, ఖాళీగా ఉండిపోయింది.

సార్ నా వైపు తిరిగారు. "ఎన్ని పెట్టావమ్మా?"

నా నోటుపుస్తకంలో అయిదు గుర్తులున్నాయి.

"నాలుగు సార్."

సర్జన్ గారు పెద్దగా నవ్వారు. "ఏం బీబమ్మా, ఆ అయిదోది నువ్వే కన్నావా?" గదంతా నవ్వింది. బీబమ్మ ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. "పెట్టిన అమ్మాయికి తెలవదా అయ్యగారూ. నా వేళ్ళే ముసలయిపోయినయ్," అంది.

చివర్లో కాలేయాన్ని కోసి పిక్కలు చూపించడం మా ఆనవాయితీ. కత్తి నా చేతిలోనే ఉంది. నాలుగు చోట్లే కోశాను. మిగతాది నేనే తీసుకెళ్ళి పారేశాను. ఆ సాయంత్రం డైరీలో కూడా 'నాలుగు పెట్టాను' అని రాసుకున్నాను. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరికి అబద్ధం చెప్పాను? కొన్నాళ్ళకి మొన దెబ్బతిందని సార్ కనిపెట్టి మార్చారు. అప్పుడూ నేను నోరు మెదపలేదు. "లేని గడ్డ కనిపెట్టిన డాక్టరమ్మ" అని కాలేజీలో బీబమ్మను ఆటపట్టిస్తూనే ఉన్నారు.

ఇంతటితో అయిపోయి ఉంటే బహుశా మరిచిపోయేదాన్ని.

నేను అక్కడే ఉద్యోగంలో చేరిన ఏడు, ఒక మధ్యాహ్నం బీబమ్మ నన్ను పక్కకి పిలిచి, పైట మీద చెయ్యి వేసుకుని చెప్పింది. "ఇక్కడేదో గింజలాగా తగులుతోందమ్మాయ్. మళ్ళా లేనిది కనిపెడుతున్నానో ఏమో." నవ్వుతూనే చెప్పింది. డాక్టర్‌కి చూపించమన్నాను. ఆ మాట మాత్రం అన్నాను. అనవలసిన మాట వేరే ఉంది: నీ వేళ్ళు అబద్ధం చెప్పవు, ఆ రోజు అబద్ధం చెప్పింది నేను. "చూపిస్తాలే, మళ్ళా నవ్వుతారు," అని వెళ్ళిపోయింది.

ఆరు నెలలకి గానీ చూపించుకోలేదు. రొమ్ము తీసేశారు. ముందే రావలసింది అన్నారట. బతికే ఉంది. కుడి చెయ్యి వాచిపోయింది, పిడికిలి బిగియదు. చూడడానికి వెళ్తే కుర్చీ తుడిచి వేస్తుంది, టీ తాగేదాకా వదలదు. ఆవిడ ఆలస్యం చేసింది నా వల్లేనా? భయం వల్ల కావచ్చు, ఖర్చు వల్ల కావచ్చు, అందరు ఆడవాళ్ళలాగే వాయిదా వేసి ఉండవచ్చు అని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను, కానీ ప్రతిసారీ చివరికి మిగిలేది ఒకటే: ఆవిడ నన్ను నమ్మింది కాబట్టి తన వేళ్ళను నమ్మడం మానేసింది.

ఆవిడకి ఇంకా చెప్పలేదు. ముందు మీకు చెప్పాను. ఇది కూడా పిరికితనమే.

ఇవాళ ఆ పేజీ తెరిచాను. పాత వాక్యం కొట్టెయ్యలేదు. దాని కిందే రాశాను: పెట్టినవి అయిదు. అయిదోది కుడి అంచున, లోతుగా ఉంది. బీబమ్మ వేలు సరిగ్గా దాని మీదే ఆగింది.